మూడు కార్ల రిపోర్టు

సుబ్బరాజు గారు జీపు అమ్మేసి స్పోర్ట్స్ కారు కొంటారని తెలియగానే గిరిధర్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నెలన్నరగా కొల్లేటికోటలో రాజుగారి చెరువుల దగ్గర రొయ్యల మేత బస్తాలు పోతున్నాయి. పోతున్నది ఆ జీపులోనే. పట్టుకెళ్తున్నది చెరువుల సూపర్‌వైజర్ గిరిధరే. శనివారం శనివారం జీపు కడిగించే వంకతో ఆకివీడు తీసుకెళ్తాడు. ఓనరు బండిని గేటు దగ్గర ఆపే మొనగాడెవరు?

వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు గిరిధర్. దొంగతనంలోనూ మొదటివాడే. ఆ రెండోదానికి మాత్రం ఫోటో కట్టించి గోడకు తగిలించలేదు.

"చదువుకున్నోడివి. విజయవాడ వెళ్లి ఈ మూడు కార్లూ చూసి, ఏది మేలో రాసుకురావయ్యా," అన్నారు రాజుగారు. మూడూ రెండు తలుపుల కార్లే. ధర కూడా ఇంచుమించు ఒకటే.

"ఆయ్, అలాగేనండి."

రెండు రోజులు షోరూముల చుట్టూ తిరిగాడు. ఎర్రది కాలు ఆనిస్తే చాలు దూకుతుంది, కానీ చెరువు గట్టెక్కితే పొట్ట నేలకు తగులుతుంది. నీలం కారులో ముందు సీట్లు పరుపులే, వెనక కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి ఆనుతాయి. తెల్లది కాస్త నెమ్మది. అయితేనేం, వెనక సీటు మడిస్తే డిక్కీ లోపలికంటా సాగుతుంది. గిరిధర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఏం కొలుస్తున్నారండీ?" అంది సేల్స్ అమ్మాయి, డిక్కీలోకి సగం దూరిన అతన్ని చూసి.

"లగేజీకండి. మాది కాస్త బరువైన కుటుంబం."

మిగతా రెండు కార్ల మీద నాలుగు అబద్ధాలు రాద్దామనుకున్నాడు. మైలేజీ దగ్గరే చెయ్యి ఆగిపోయింది. దొంగ రిపోర్టయినా కొట్టివేతలు ఉండకూడదని మూడుసార్లు తిరగరాశాడు. స్కేలుతో గళ్లు గీశాడు. డిక్కీ ఇన్ని లీటర్లంటే రాజుగారికేం తెలుస్తుందని, ఆ ఊళ్లో అందరికీ అర్థమయ్యే కొలతలోకి మార్చాడు. చివర్లో 'తెల్లదే శ్రేయస్కరం' అని రాసి కింద గీత గీశాడు.

రాజుగారు కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివారు.

"ముచ్చటగా ఉందయ్యా. డిక్కీలో ఎర్రదానికి నాలుగు మేత బస్తాలు, నీలందానికి మూడు, తెల్లదానికి సీటు మడిస్తే తొమ్మిది. అంతేనా?"

"కొలిచి మరీ రాశానండి. తెల్లదే బుక్ చేసేద్దామాండీ?"

రాజుగారు సొరుగులోంచి ఇంకో రెండు కాగితాలు తీసి ఆ రిపోర్టు పక్కన పెట్టారు.

"డ్రైవర్ ఎలీయాజరు ఎంత స్పీడు పోద్దో రాశాడు. గుమస్తా అజయ్ పాటలెంత బాగా వినపడతాయో రాశాడు. ఈ వయసులో నేను స్పోర్ట్స్ కారెక్కుతానా గిరిధరూ? బస్తాల్ని ఎవడు బండెక్కిస్తున్నాడో తెలీకే మీ ముగ్గుర్నీ పంపాను."