మూడు రంగుల అట్టలు

ఆ పొద్దున ఆకాశం నీళ్ళెక్కువైన సిమెంటులా పలచగా జారుతోంది. ఆస్పత్రి కిటికీ పట్టుకుని నిలబడ్డ టైల్స్ మేస్త్రీ అటు చూడనే లేదు. ఆయన చూపంతా మంచం మీది కూతురి మీదే ఉంది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. మోచేతి మడతలో సూదులు గుచ్చిన చోటల్లా కమిలిపోయింది.

ముగ్గురూ కలిసే పనికి పోయేవారు. ఆయన పరిచేవాడు, భార్య సిమెంటు కలిపేది, కూతురు మిషను మీద టైళ్ళు కోసేది. ఒకరు కూర్చుంటే ముగ్గురి పనీ ఆగేది. అందుకే పన్నునొప్పి మొదలైనప్పుడు పీకించే మాటెత్తకుండా మాత్రలతో నెట్టుకొచ్చారు. తలనొప్పి మాత్ర, జలుబు మాత్ర, ఒళ్ళునొప్పుల మాత్ర. అట్టల రంగులు వేరు కదా, మందులూ వేరే అనుకున్నారు.

"మూడింట్లోనూ ఉన్నది ఒకటే మందు," అంది డాక్టరమ్మ. "రోజుకెన్ని?"

"ముందు ఆరు. తర్వాత పది, పన్నెండు," అంది భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "వారం రోజులు."

"మోతాదు దాటితే ఆ మందే విషమై కాలేయాన్ని తినేస్తుంది. వాంతులు తగ్గాయని మీరు సంబరపడ్డ రోజు కూడా లోపల తింటూనే ఉంది. ఇక ఆపరేషనే గతి. ఆలస్యమైతే ప్రాణం దక్కదు."

డాక్టరమ్మ కాగితం ముందుకు జరిపింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోలేదు.

"కోయకుండా కుదరదా అమ్మా? మందులతోనే చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు మీరు కూర్చోండి."

"దాన్ని బల్ల మీద పడుకోబెట్టి కోశాక... మళ్ళీ లేవకపోతే?"

కూతురు నవ్వింది. "టైలు కోసినట్టు కోసి అతికిస్తారు నాన్నా. వాళ్ళ అతుకు నీ అతుకంత వంకరగా ఉండదులే."

"నోర్ముయ్యవే!"

"నువ్వు సంతకం పెట్టు, మూస్తా."

"పెట్టవయ్యా," అంది భార్య. "దాని పంతం నీకు తెలియనిదా? నువ్విలా బిగుసుకుంటే నా బతుకేం కాను?"

సాయంత్రం దాకా ఆ కాగితం బల్ల మీదే ఉంది. డాక్టరమ్మ రెండుసార్లు తొంగిచూసి వెళ్ళింది. మూడోసారి వచ్చి, రేపటికి మించి ఆగలేమంది.

మేస్త్రీ కలం తీసుకున్నాడు. దారం కట్టకుండానే తిన్నటి గీత గీసే చెయ్యి, సొంత పేరును వంకరగా రాసింది.

భార్య క్యారియరు విప్పి మంచం మీదే మూడు కంచాలు పెట్టింది. మేస్త్రీకి ఒక ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది. కూతురు గబగబా తినేసి, ఇంకాస్త పెట్టమని కంచం చాచింది.

ఆ మాత్రల్లో ఒక్కటీ కూతురు మింగలేదు. అన్నీ మింగింది మేస్త్రీ. తెల్లవారితే తన కాలేయంలో సగం ఆయనకివ్వడానికే ఆ పిల్ల ఆ మంచమెక్కింది.