ఉలవల చప్పుడు

బొబ్బిలి మీద మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లటి పొగలో దాలయ్య గుర్రం సుక్క మెడ సాచి, ముక్కుల్లోంచి నురగ కార్చుకుంటూ నిలబడింది.

ఎండు ఉలవలు ఆబగా మింగేసింది. గొంతుకడ్డం పడ్డాయి.

దాలయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఊళ్లో రిక్షాలు దిగాక జట్కా ఎక్కేవాళ్లే తగ్గారు. ఇప్పుడు గుర్రం కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పొయ్యి మాట అటుంచండి, సుక్క లేకపోతే దాలయ్యే బతకడు!

మెడ నిమరగా నిమరగా, ఏ దేవుడు కరుణించాడో, అడ్డం జారింది. సుక్క పెద్దగా ఊపిరి తీసుకుంది.

“నీరసపడిపోనావే తల్లీ!” అంటూ దాలయ్య మళ్లీ ఉలవల సంచే అందుకున్నాడు, మూతికి కడదామని. సంచిలో గింజలు గలగలమన్నాయి.

“ఆగు బాబూ! ఎండువి పెట్టకు!”

మంచులోంచి కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది.

“ఏటమ్మా, ఎవులు నువ్వు?”

ముసలమ్మ సుక్క మెడ మీద చెయ్యేసింది. పరాయివాళ్లు ముడితే కరిచే సుక్క, చోద్యం, తల వంచి ఆమె గుండెలకు నుదురు ఆనించింది. కళ్లు మూసుకుని అలా కలలోకి జారిపోయినట్టు నిలబడింది.

“గొంతు ఒరుసుకుపోయుంటాది. ముందు నీల్లు తాగనీ. పొద్దెక్కినాక ఉలవలు మెత్తగా ఉడకేసి, జావలా కలిపి, కూసింత కూసింత పెట్టు. మూతికి సంచి కట్టకు. తొట్టి నేల మీద పెట్టి, నోట్లో పట్టనంత రాళ్లు అందులో ఎయ్యి. రాళ్ల సందుల్లోంచి నాక్కుంటాది, ఆత్రపడదు.”

“నీకెలా తెలుసమ్మా?”

ముసలమ్మ నోరు తెరిచేలోగా దాలయ్య భార్య గురమ్మ వచ్చి అతన్ని పక్కకు లాగింది.

“మావా, దాని సూపు సూడు! రెప్ప కూడా ఎయ్యట్లేదు. నిన్న సందేళ కూడా మన కంచె కాడ నిలబడినాది. ఆ దిష్టికే గుర్రం గొంతు పట్టీసినాది!”

దాలయ్య చూశాడు. నిజమే, ఆ కళ్లు కదలడం లేదు. భయం బుర్రకెక్కితే ఆలోచన ఎక్కడుంటుంది?

“పో అమ్మా, పో! నా గుర్రం మీద నీ కన్నెయ్యకు!”

ముసలమ్మ చిన్నగా నవ్వింది. కంచె తడుముకుంటూ మంచులో కలిసిపోయింది. సుక్క అటే చూస్తూ సన్నగా సకిలించింది.

గురమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేసింది. అయినా సుక్క తవుడు ముట్టలేదు, గడ్డి ముట్టలేదు.

చివరికి దాలయ్యే ముసలమ్మ చెప్పినట్టు జావ కాచి, చల్లార్చి, రాళ్ల తొట్టిలో పోశాడు. సుక్క నెమ్మదిగా నాకింది. గుటక జారింది. దగ్గు లేదు, నురగ లేదు. మళ్లీ నాకింది.

దాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెనకే సిగ్గూ వచ్చింది. బస్సులు ఆగే చోటికి పరుగెత్తాడు.

“ముసలమ్మా? పాతపట్నం బస్సెక్కి ఎల్లిపోనాది,” అన్నాడు టీకొట్టు సోములు.

“ఎవులు సోములూ, ఆవిడ?”

“నీకు సెప్పలేదేటి? నువ్వు సంతలో కొన్న గుర్రం ఆయమ్మ పెంచిందే. తల్లి సచ్చిపోతే మేకపాలు పట్టి, ఒళ్లో పెట్టుకుని సాకినాదట. కొడుకు అమ్మీసినాడు. మేత కాడ దానికి ఆత్రం, కొన్నోలికి సెప్పాలని ఊరూరా అడుక్కుంటూ వచ్చినాది.”

దాలయ్య బల్ల మీద కూలబడ్డాడు.

“దిష్టి సూపని తరిమీసినాన్రా, సోములూ!”

సోములు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

“సూపేటి దాలయ్యా! కండట్రు సెయ్యి పట్టుకుని ఎక్కించినాడు. ఆ తల్లికి పుట్టుకతోనే కళ్లు కనపడవు.”