పెద్దల వరుసలో జుల్మీరా

"ఏయ్ అమ్మాయ్, బోర్డు చదవడం రాదా? ఇది పెద్దవాళ్ళ వరుస!"

యొలాందా వెనకనుంచి విసనకర్రతో భుజం మీద తట్టేసరికి జుల్మీరా ఉలిక్కిపడింది. అమెజాన్ నది ఒడ్డున ఒబిదుస్ రేవులో, పడవ టికెట్ల కిటికీ ముందు మొదట నిలబడింది ఆమే.

బోర్డు మీద అరవై దాటినవాళ్ళు, గర్భిణులు, ఆటిజం ఉన్నవాళ్ళు అని రాసి ఉంది. జుల్మీరా మెడలో ఉన్న పొద్దుతిరుగుడు పూల పట్టీ చూపించింది. ఆటిజంలాంటి, పైకి కనపడని ఇబ్బందులున్నవాళ్ళు వేసుకునే పట్టీ అది.

"ఆటిజమా? అది చిన్నపిల్లలకు గదా! అలాంటి పట్టీ సంతలో నేనూ కొనగలను."

"పడవలో ఊయల కట్టుకుని పడుకోడానికి ఒక్క చోటే ఉంది. ఎవరికివ్వాలో త్వరగా తేల్చండి," అన్నాడు కిటికీ లోపలి ఎదేర్సన్.

జుల్మీరాకు తనకున్నది ఆటిజమని డాక్టరు పోయిన ఏడాదే చెప్పింది. రేపు పడవ వెళ్ళే సంతరేం ఊళ్ళో అలాంటివాళ్ళంతా కలుసుకుంటున్నారు. తనలాంటి మనిషిని ఆమె ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. ఈ పడవ తప్పితే ఇక అంతే. ఆ మాటే చెబుదామనుకుంది. కానీ అరిచేవాళ్ళ ముందు ఆమెకు గొంతు పెగలదు.

"నాకే ఇవ్వు బాబూ. డెబ్బై రెండేళ్ళదాన్ని!" అంది యొలాందా.

"మొన్న డాన్సులో యాభై ఎనిమిదన్నావు గదక్కా?" అన్నాడు వరుసలో ఉన్న చేపల వల్దెసీర్.

"డాన్సు వేరు, వరుస వేరు. నోర్ముయ్!"

అందరూ గొల్లున నవ్వారు.

"ఆమెనెందుకు తిడతావు?" అన్నాడు వల్దెసీర్. "ఆటిజం ఉన్న మా మేనకోడలూ ఇంతే. ముప్పై అయిదొచ్చినా బడిపిల్ల అనుకుంటారు. ఎందుకో డాక్టర్లకే సరిగా తెలీదంట. అదేమో, 'నవ్వు రాకపోతే నేను నవ్వను మావయ్యా, ఇంక ముఖం అరిగి ముడతలెట్లా పడతాయి?' అంటుంది."

"అయితే మా అత్తగారి ముందు నవ్వీ నవ్వీ నా ముఖం ఇట్లా అయిందన్నమాట!" అంది యొలాందా ముడతల చెంప తడుముకుంటూ.

మళ్ళీ నవ్వులు. జుల్మీరా మాత్రం నవ్వలేదు. ఆమె ముఖం మీద ఒక్క గీతైనా కదలలేదు.

"చూశావా పొగరు! దీనికి యాభై అయినా నిండలేదు," అంది యొలాందా.

ఎదేర్సన్ విసిగిపోయాడు. "ఇద్దరిలో ఎవరు పెద్దయితే వాళ్ళకే ఇస్తా. సరేనా?"

"నూటికి నూరుపాళ్ళూ సరే!" యొలాందా విసనకర్ర మూసేసి ముందుకు జరిగింది.

జుల్మీరా నేల చూపులు చూస్తూనే మొదటిసారి నోరు విప్పింది.

"పెద్ద అంటే, వయసులోనా?"

"కాకపోతే ఎత్తులోనా?" అంది యొలాందా నడుం మీద చేతులు పెట్టుకుని.

"అయితే జరుగు చెల్లీ. నాకు ఎనభై రెండు."