పచ్చిమట్టి తలలు

డ్రాయింగ్ టీచర్ తలుపు తోసేసరికి సుత్తి దెబ్బకి ఊడిన ముక్కొకటి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది.

అద్దంలో ఎవరి మొహం వాళ్లు చూసుకుంటూ తొమ్మిదో తరగతి పిల్లలు మట్టితో చేసిన తలలవి. బాగా ఆరాయి. మధ్యాహ్నం బట్టీలో కాల్చితే రేపు ప్రదర్శనకి పెట్టొచ్చు. క్లాస్ లీడర్ వాటి నుదుళ్లు, దవడలు వరసగా పగలగొడుతోంది.

టీచర్ సుత్తి లాక్కుని ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"పిచ్చి పట్టిందా? వాళ్లంతా నిన్నేం చేశారే?"

"ఏం చెయ్యలేదు మేడం. కొత్త బిల్డింగుకి వెళ్లాక ఆర్ట్ పీరియడ్ ఉండదని, ఇక మట్టి కొనరని పొద్దున ప్రేయర్లో చెప్పారుగా. కాల్చేస్తే ఇవి మళ్లీ మట్టి అవ్వవు. ఇప్పుడైతే నానబెట్టుకోవచ్చు. వచ్చే ఏడు మా అంతట మేమే చేసుకుంటాం."

"వాళ్లని అడక్కుండానా?"

"అడిగాను. అందరూ సరేనన్నారు. సుత్తి ఇస్తే మాత్రం ఎవడి తల వాడు కొట్టుకోలేకపోయాడు. లీడర్‌వి కదా, నువ్వే కానియ్యి అని బయటికెళ్లి కూర్చున్నారు."

రేపు వచ్చే తల్లిదండ్రులకి ఏం చూపించాలో టీచరుకి తోచలేదు. తను కొట్టిన పిల్ల ఎలాంటిదో కూడా ఇన్నాళ్లూ తెలియలేదనిపించింది.

బల్ల మీద ఒక్క తల మిగిలి ఉంది.

"అది నాది," అంది ఆ పిల్ల పెదవి తుడుచుకుంటూ. "మీరు కొట్టండి మేడం."