తేడా తెలియని మనిషి

పక్షవాతం వచ్చి ప్రభంజనం అనే అతని మెదడులో సగభాగం చచ్చిపోతే, ఆస్పత్రివాళ్లు ఆ చోట గోరంత చిప్పు పెట్టారు. ఆ రోజుల్లో అది కట్టుడు పన్ను పెట్టించుకున్నంత మామూలైపోయింది.

"ఎంత చిక్కుపడ్డ సర్క్యూట్ అయినా, రెండు కొసల దగ్గర అదే ఫలితమిచ్చే చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటుందమ్మా. దాన్ని పెట్టేస్తే బయటివాళ్లకి తేడా తెలియదు," అని ఆపరేషన్‌కి ముందు డాక్టరు అతని భార్య వకుళకి చెప్పాడు.

"మరి లోపల?" అంది వకుళ.

"లోపల ఉన్నదాన్ని తగ్గించడమే కదమ్మా మా పని."

నిజంగానే తేడా తెలియలేదు. అదే వెటకారం, చారులో ఉప్పు గురించి అదే గొడవ. వకుళ తామిద్దరికే తెలిసిన సంగతులు అడిగి చూసింది. అన్నీ చెప్పాడు. అదృష్టవంతురాలివన్నారు చుట్టాలు. లోపలి మనిషి పోయాడేమోనని ఆమెకి దిగులు. కళ్లెదుట తిరిగే మొగుడి కోసం ఏడిస్తే ఎవరు ఒప్పుకుంటారు?

ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఉండబట్టలేక అడిగేసింది.

"ఏవండీ, మీరు లోపల ఉన్నారా?"

అతను పేపరు దించాడు. "ఎక్కడికి పోతానే, పిచ్చిదానా," అన్నాడు.

సరిగ్గా అతను అనే మాటే. ఇంకేం అడిగినా అతను చెప్పే జవాబే వస్తుందని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. అతను లేచొచ్చి, ఎప్పటిలాగే భుజంమీది తువ్వాలుతో ఆమె కళ్లు తుడిచాడు. ఆమె ఇంకా ఏడ్చింది.