అమ్మమ్మ పళ్లు

ప్రిసిల్లా అప్పడాల కర్ర దించలేదు. నిరుడు వెళ్లిపోయిన జాంబీలు మళ్లీ పద్మారావు నగర్‌లో తిరుగుతున్నాయి. అవి కరిస్తే మనుషులూ జాంబీలవుతారు. పాలకు వెళ్లొచ్చిన అమ్మమ్మ ప్రేమమణి దుప్పటి కప్పుకొని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కండ్లేంది అమ్మమ్మా, గంత ఎర్రగున్నయ్?"

"ఉల్లిగడ్డ కోసిన."

"ఇంట్ల ఉల్లిగడ్డనే లేదు. మాటేంది గట్ల మారింది?"

"జెర జలుబు."

"కొంగు తియ్యి. పళ్లు సూపియ్యి!"

ప్రేమమణి కొంగు తీసి బోసిగా నవ్వింది. దుప్పట్లోంచి స్టీలు గ్లాసు అందించింది. నీళ్లలో కట్టుడు పళ్లున్నాయి. ఆ చేతిమీద పచ్చి కాటు.

"నేనెంత బతిమాలినా గీ పళ్లు నాకియ్యకు బిడ్డా. ఇగ నేను లేచి కరిచినా నీకు చక్కిలిగింతే."

ప్రిసిల్లా కర్ర వదిలేసి, గ్లాసును రెండు చేతులా పట్టుకుంది.