పేరుకు తగ్గ రాయి

తెర పక్కకు లాగి చూసిన రెబెకాకు ఒళ్లు మండిపోయింది. రేపు మంత్రిగారు ఆవిష్కరించబోయే శిలాఫలకం మీద ఊరి సర్పంచ్ అయిన తన పేరు లేదు. ఏ పదవీ లేని చెంగల్రాయుడి పేరు మాత్రం మంత్రిగారి పేరు కిందే నిగనిగలాడుతోంది.

"రాయి సిన్నది రెబెకా, జాగా సాల్లేదు. నువ్వేం అనుకోబాక," అన్నాడు చెంగల్రాయుడు కుర్చీలోంచి కదలకుండానే.

అనుకోకుండా ఎలా ఉంటుంది? గుట్ట మీద మూడు వేల ఏళ్లనాటి సమాధులు ఉన్నాయి. ఊళ్లో వాటిని పాండవుల గుళ్లంటారు. వాటి చుట్టూ కంచె వేయించమని చెప్పులరిగేలా తిరుపతి ఆఫీసులకు తిరిగింది రెబెకా. తీరా కంచె వచ్చేసరికి, పేరు ఊరి పెద్దమనిషిది. పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చునేదీ ఆయనే, సంతకం కోసం మాత్రం ఆమెకు కబురు పంపేదీ ఆయనే.

అక్కడే ఉన్న పురావస్తు శాఖ హేమచంద్ర ఆమెను చల్లబరచబోయాడు. ఇదేమీ కొత్త కాదన్నాడు. గుట్ట మీద పెద్ద బండ కప్పిన సమాధిలో ఇనుప కత్తి, రంగురంగుల పూసలు దొరికాయట. చుట్టూ ఉన్న చిన్న సమాధుల్లో తలా ఒక మట్టికుండ, అంతే. పెత్తనం ఎవరిదో, చాకిరీ ఎవరిదో ఆ రాళ్లే చెబుతాయన్నాడు. పాపం, మంచికే చెప్పాడు గానీ, ఆ మాట అగ్గికి ఆజ్యం పోసినట్టయింది.

"అంటే సచ్చినాక గూడా పెద్దోడికి పెద్ద బండ, మాకు గులకరాళ్లు. ఇన్ని వేల ఏండ్లకీ మా రాయి పెరగలేదు. అంతేనా సార్?"



ఆమె కాంట్రాక్టర్ రూపేష్ వైపు తిరిగింది. సర్పంచ్ పేరు లేని ఫలకానికి తెర తీస్తే మంత్రిగారి కారుకు అడ్డంగా పడుకుంటానంది. అన్నంత పనీ చేసే మనిషని అందరికీ తెలుసు. క్వారీ నుంచి కొత్త రాయి రావాలంటే వారం పడుతుందని రూపేష్ బతిమాలాడు.

"అదంతా నాకు తెల్దు. యాణ్ణించి తెస్తావో తెచ్చుకో. ఈ రాయికంటే పెద్దది కావాల. దాని మీద నా పేరు పెద్దగా ఉండాల."

మర్నాడు నిజంగానే పెద్ద రాయి నిలబడింది. మనిషెత్తు బండ. ఒక వైపు నున్నగా చేసి అక్షరాలు లోతుగా చెక్కారు. మంత్రిగారి పేరంత పెద్దగా ఆమె పేరు, అడుగున ఎక్కడో చెంగల్రాయుడి పేరు. జనం చప్పట్లు కొడుతుంటే రెబెకా తన పేరును వేలితో తడిమి చూసుకుంది. ఆ ఊళ్లో తన వాళ్ల పేరు రాతి మీదికి ఎక్కడం ఇదే మొదలు. కళ్లు తడిశాయి, కడుపు నిండిపోయింది.

పెద్ద సమాధి చూద్దామని మంత్రిగారు ముచ్చటపడ్డారు. అందరూ గుట్టెక్కారు. ముందు నడుస్తున్న హేమచంద్ర ఉన్నచోటే నిలబడిపోయాడు. సమాధి నిలువు రాళ్లు మొండిగా ఉన్నాయి. పైన కప్పు బండ లేదు.

రెబెకాకు మళ్లీ కోపం నషాళానికి అంటింది.

"యా దొంగనాయాలు ఎత్తకపోయినాడో కనుక్కోండి సార్. ఎంత పెద్దోడైనా వదలబాకండి. కేసు పెట్టి లోపల ఎయ్యండి."

రూపేష్ గబగబా ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"గట్టిగా అనబాకండి మేడమ్. మీ పేరు సెక్కించింది ఆ బండ మీదే."